చేతి వాచీతో చర్మ ఉష్ణోగ్రత సరిగ్గా గమనించడం ఎలా: కూలర్ గదుల్లో, డాబాల మీద పడుకునేవాళ్ల కోసం

“వాచీలో ప్లస్ 0.9 చూపిస్తున్నది, జ్వరమా సార్?” ఎండలు మొదలైనప్పటి నుంచి హన్మకొండలో నాతోపాటు పొద్దున నడిచేవాళ్లు అడుగుతున్న ప్రశ్న ఇదే. అడిగినవాళ్లలో చాలామందికి జ్వరం లేదు. ఒకరు కూలర్ పాడై ఉక్కపోతలో పడుకున్నారు. ఇంకొకరు రాత్రి 11 గంటలకు పెళ్లి భోజనం చేసి వచ్చారు. మరొకరికి చెయ్యి తల కింద పెట్టుకుని నిద్రపోయే అలవాటు ఉన్నది.

నేను ఫిజిక్స్ చెప్పే మాస్టారును. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక చలికాలం నా చేతికీ మా ఇంట్లోవాళ్ల చేతికీ వాచీ కట్టి, రోజూ పుస్తకంలో రాసుకున్నాను. ఏం చేస్తే ఆ అంకె పనికొస్తుందో, ఏం చేస్తే మోసం చేస్తుందో వరుసగా చెబుతాను.

1. ఆ అంకె దేనిదో ముందు తెలుసుకోండి

ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా ఉంటుంది. మణికట్టు చర్మం అంత నిలకడగా ఉండదు. మామూలు గదిలో 32 నుంచి 35 మధ్య తిరుగుతుంది, చలిలో ఇంకా దిగుతుంది. లోపలి వేడిని బయటికి పంపాలంటే శరీరం చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, దాచుకోవాలంటే వాటిని ముడుస్తుంది. వాచీకి తెలిసేది ఆ వెచ్చదనమే.

నిద్ర పట్టే వేళ చేతులు, పాదాలు వెచ్చబడతాయి. సరిగ్గా అప్పుడే లోపలి వేడి తగ్గడం మొదలవుతుంది. అంటే లోపల ఒక దారి, బయట ఒక దారి. వాచీ అంకెను జ్వరం అంకెగా చదివితే ఎందుకు తప్పు పోతామో ఇక్కడే తెలుస్తుంది.

అందుకే మంచి పరికరాలు చాలావరకు “మీ టెంపరేచర్ ఇంత” అని చెప్పవు. మీరు నిద్రలో ఉన్న గంటల్లో కొలిచి, మీవే పాత రాత్రులతో పోల్చి, +0.4 అనో -0.3 అనో తేడా చూపిస్తాయి. మీ +0.4ను పక్కింటివాళ్ల +0.4తో పోల్చడంలో అర్థం లేదు.

మనం జ్వరాన్ని ఫారెన్‌హీట్‌లో మాట్లాడుకుంటాం కాబట్టి ఇంకొక మాట. సెల్సియస్‌లో చూపించిన తేడాను ఫారెన్‌హీట్‌లోకి మార్చాలంటే 1.8తో గుణిస్తే చాలు, 32 కలపకూడదు. 0.5 డిగ్రీల తేడా అంటే 0.9 ఫారెన్‌హీట్. మా కాలేజీ పిల్లలు కూడా ఇక్కడ పొరపడతారు.

2. మీ వాచీకి నిజంగా ఆ సెన్సర్ ఉందా?

ఆపిల్ వాచ్‌లో సిరీస్ 8 నుంచి, అల్ట్రా మోడళ్లలో మణికట్టు ఉష్ణోగ్రత కొలత ఉన్నది. సామ్‌సంగ్‌లో గెలాక్సీ వాచ్ 5 నుంచి వచ్చింది. ఫిట్‌బిట్ సెన్స్‌కు ప్రత్యేక సెన్సర్ ఉన్నది. ఔరా, అల్ట్రాహ్యూమన్ ఉంగరాలు వేలి దగ్గర కొలుస్తాయి.

రెండు మూడు వేలకు దొరికే వాచీల్లో “బాడీ టెంపరేచర్” అని ఒక బొమ్మ కనిపిస్తే వెంటనే నమ్మకండి. ఇంట్లోనే పరీక్షించవచ్చు:

- వాచీని చేతి నుంచి తీసి, ఫ్యాన్ కింద బల్ల మీద గంటసేపు ఉంచండి.
- తర్వాత “కొలువు” అని నొక్కండి.
- “చేతికి పెట్టుకోండి” అని అడిగితే మంచిదే. చుట్టూ ఉన్న గాలికి దగ్గరి అంకె చూపించినా మంచిదే.
- గది అంత వేడిగా లేకపోయినా బల్ల మీద 36.5 అని చూపిస్తే ఆ అంకె కొలిచింది కాదు, అల్లింది. ఆ వాచీని అడుగులు లెక్కపెట్టడానికి వాడుకోండి. ఈ పని దానితో కాదు.

3. పడుకునే ముందు తయారీ

చార్జింగ్ దగ్గరే సగం రాత్రులు పోతాయి. పడుకునేటప్పుడు వాచీ తీసి చార్జింగ్‌కు పెట్టే అలవాటు ఉంటే మానుకోండి. సాయంత్రం స్నానానికి వెళ్లేటప్పుడు పెడితే తినే సమయానికి నిండుతుంది. పైగా చార్జింగ్ నుంచి తీసిన వాచీ కాసేపు తానే వేడిగా ఉంటుంది. కనీసం అరగంట ముందే చేతికి కట్టుకోండి.

సెట్టింగ్స్ ఒక్కసారి చూసుకుంటే చాలు. ఆపిల్ వాచ్‌కు స్లీప్ ఫోకస్ అనే నిద్ర సమయపు సెట్టింగ్ ఆన్‌లో ఉండాలి, రాత్రికి కనీసం 4 గంటలు, దాదాపు 5 రాత్రులు గడిస్తే గానీ అంకె కనిపించదు. ఫిట్‌బిట్‌కు కనీసం 3 రాత్రులు కావాలి. సామ్‌సంగ్ అయితే సామ్‌సంగ్ హెల్త్ యాప్‌లో నిద్ర సమయపు చర్మ ఉష్ణోగ్రతను మీరే ఆన్ చెయ్యాలి. “నెలైంది, ఏమీ రావట్లేదు” అన్నవాళ్ల వాచీలు తీసి చూస్తే ఎక్కువసార్లు ఇదే కారణం.

కట్టుకునే తీరు:

- మణికట్టు ఎముకకు ఒక వేలి వెడల్పు పైన, అంటే మోచేతి వైపు.
- చెయ్యి విదిలిస్తే జారకూడదు, పొద్దున తీస్తే లోతైన అచ్చు ఉండకూడదు.
- రోజూ ఒకే చెయ్యి. ఒకరోజు ఎడమ, ఒకరోజు కుడి వద్దు.
- వాచీ కింద ఏమీ ఉండకూడదు. గాజులు, కడియం, గుడిలో కట్టించుకున్న దారం, మేడారం నుంచి కట్టుకొచ్చిన దారం వెనక అద్దానికీ చర్మానికీ మధ్య దూరితే గాలి సందు ఏర్పడుతుంది. దారం తీయడం ఇష్టం లేకపోతే వాచీని రెండో చేతికి మార్చి, ఇక అక్కడే ఉంచండి.
- వెనక అద్దాన్ని పడుకునే ముందు తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. చెమట ఉప్పు, కొబ్బరినూనె, పసుపు పేరుకుంటాయి.

ఎండాకాలం రబ్బరు పట్టీ కింద చెమటకాయలు లేస్తాయి. బట్ట పట్టీ వేసుకుంటే తగ్గుతుంది. చర్మం ఎర్రబడితే రెండు రోజులు ఆపేయండి. మంట పుట్టిన చర్మం ఎట్లాగూ వేడిగానే చూపిస్తుంది.

ఇంకో రెండు వస్తువులు మంచం పక్కన ఉండాలి: మంచి డిజిటల్ థర్మామీటర్, చిన్న నోటుపుస్తకం. థర్మామీటర్ లేకుండా ఈ పనే మొదలుపెట్టకండి.

4. పడుకునే చోటు

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. చల్లని దేశాల్లో చాలామంది ఏడాది పొడుగునా దాదాపు ఒకే వేడి ఉన్న గదిలో పడుకుంటారు. మనం అట్లా కాదు. ఏప్రిల్‌లో కూలర్ ముందు, మే నెలలో కరెంటు పోతే డాబా మీద, వానలు పడగానే మళ్లీ గదిలో, డిసెంబరులో రెండు చెద్దర్ల కింద. ఆదిలాబాద్ వైపు చలికాలం రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే కిందికి దిగుతుంది. రామగుండంలో ఎండాకాలం పగలు 45 దాటిన రోజులుంటాయి, ఆ గోడలు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతాయి. ఈ తేడాలన్నీ మణికట్టు మీద పడతాయి.

కూలర్. చల్లటి తడి గాలి నేరుగా చేతి మీద పడితే అంకె కిందికి పోతుంది. ఒక వారం కూలర్‌ను నా ఎడమచేతి వైపు, ఒక వారం కాళ్ల వైపు పెట్టి చూశాను. నా ఆరోగ్యంలో మార్పేమీ లేదు, గ్రాఫ్‌లో మాత్రం మెట్టు దిగినట్టు తేడా కనిపించింది. కూలర్‌ను కాళ్ల వైపు పెట్టి, సీజన్ అంతా అక్కడే ఉంచండి. నీళ్లు అయిపోయి మధ్యరాత్రి వట్టి గాలి కొట్టిన రోజును పుస్తకంలో రాయండి.

ఏసీ. రోజూ ఒకే అంకె మీద పెట్టండి. 26 అయితే 26. ఒకరోజు 20, మరుసటి రోజు 28 పెడితే మీరు గమనిస్తున్నది ఏసీ రిమోట్‌నే.

డాబా. ఎండాకాలం మొత్తం పైనే పడుకుంటే ఇబ్బంది లేదు, పది రోజుల్లో అదే మీ మామూలు అవుతుంది. వారంలో రెండు రోజులు పైన, మిగతా రోజులు కింద అయితే ఆ రెండు రాత్రులను లెక్కలోంచి తీసేయండి.

చెద్దరు, గొంగడి. చలికాలం చెయ్యి లోపల ఉంటే వెచ్చన, బయట ఉంటే చల్లన. నిద్రలో చెయ్యి ఎక్కడ ఉంటుందో మన చేతిలో ఉండదు. పొడుగు చేతుల చొక్కా వేసుకుని పడుకుంటే ఈ ఊగిసలాట తగ్గుతుంది. చిన్న ఉపాయమే గానీ మా ఇంట్లో బాగా పనిచేసింది.

పక్కన పడుకునే పిల్లలు. చంటిపిల్లలు రాత్రంతా మీ చేతి మీదే పడుకుంటే వాళ్ల వేడి కూడా కలుస్తుంది. వాచీని పిల్లలు లేని వైపు చేతికి కట్టుకోండి.

5. మొదటి రెండు వారాలు: మీ మామూలు గీత

యాప్ దీన్ని బేస్‌లైన్ అంటుంది. యాప్‌కు నాలుగైదు రాత్రులు చాలవచ్చు. నాకు రెండు వారాలు కావాలి. మొదటి వారంలో వచ్చే అంకెలను చూసి సంతోషమూ వద్దు, దిగులూ వద్దు.

ఎప్పుడు మొదలుపెట్టకూడదో చెప్పడం తేలిక. ఇంట్లో పెళ్లి ఉన్నప్పుడు, జాతరకు వెళ్లి వచ్చిన వారం, సర్ది చేసినప్పుడు, రోహిణి కార్తె చివరలో. మృగశిర రాగానే, అంటే జూన్ 8 దాటాక, వానలు పడితే గది వేడే మారిపోతుంది. అప్పటిదాకా కట్టిన గీత పనికిరాకుండా పోతుంది.

పద్నాలుగు రాత్రులు అయ్యాక ఇట్లా చెయ్యండి:

- పద్నాలుగు అంకెలూ చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసగా రాయండి.
- పైన రెండు, కింద రెండు కొట్టేయండి.
- మిగిలిన పదింటిలో చిన్నది ఎంత, పెద్దది ఎంత? ఆ రెండింటి మధ్య ఉన్నదే మీ మామూలు.

నాకు ఇది -0.3 నుంచి +0.3 వచ్చింది. మా ఆవిడకు ఇంకా వెడల్పుగా వచ్చింది, కారణం కింద చెబుతాను. ఈ హద్దుల పట్టీ (వాచీ పట్టీ కాదు) మీ సొంతం. సీజన్ మారినప్పుడల్లా, అంటే ఏడాదికి మూడుసార్లు, మళ్లీ కట్టుకోవాలి.

6. పొద్దున రెండు నిమిషాల రాత

యాప్‌లో గ్రాఫ్ ఉంటుంది కదా, మళ్లీ రాయడం దేనికంటారా? గ్రాఫ్‌కు కూలర్ ఆగిపోయిందని తెలియదు. నా పుస్తకంలో ఒక వారం నుంచి మూడు వరుసలు:

- మంగళవారం: +0.1. కూలర్ కాళ్ల వైపు. 6 గంటల నిద్ర. మామూలే.
- బుధవారం: +0.7. కరెంటు 1 నుంచి 3 దాకా లేదు. ఒళ్లు తేలిగ్గానే ఉంది.
- గురువారం: +0.2. రాత్రి భోజనం ఆలస్యం.

పుస్తకం లేకపోతే బుధవారం నన్ను రోజంతా భయపెట్టేది. రాయవలసినవి ఇవి: అంకె, పడుకున్న చోటు, ఎన్ని గంటల నిద్ర, ఆలస్యపు భోజనం, మద్యం, రాత్రిపూట గట్టి వ్యాయామం, వేసుకున్న మాత్రలు, ఒళ్లు ఎట్లా ఉంది. ఆడవాళ్లు నెలసరి మొదటి రోజును కూడా గుర్తు పెట్టుకోవాలి.

7. అంకెను చదవడం

ఒక్క రాత్రి పెరిగితే ముందు పుస్తకం చూడండి, కారణం అక్కడ దొరుకుతుంది. మద్యం తాగిన రాత్రి చర్మపు రక్తనాళాలు విప్పారి అంకె పెరుగుతుంది. రాత్రి 9 తర్వాత జిమ్‌కు వెళ్లినా అంతే.

వరుసగా రెండు మూడు రాత్రులు మీ పట్టీ దాటి, పుస్తకంలో ఏ కారణమూ లేకపోతే, అప్పుడు పక్కనున్న ఇంకో రెండు అంకెలు చూడండి: నిద్రలో గుండె వేగం, శ్వాస వేగం. మూడూ కలిసి పెరిగితే ఒంట్లో ఏదో మొదలైందని అనుకోవచ్చు. ఉష్ణోగ్రత ఒక్కటే పెరిగి మిగతా రెండూ కదలకపోతే నేను గదినే అనుమానిస్తాను.

నెలసరి. అండం విడుదలైన తర్వాత ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ వల్ల ఒంటి వేడి కొద్దిగా, దాదాపు 0.3 నుంచి 0.5 డిగ్రీల దాకా పెరిగి, రెండు వారాలు అట్లాగే ఉండి, నెలసరికి ముందు దిగుతుంది. నిద్రలో మణికట్టు అంకె కూడా చాలామందిలో ఈ మెట్టును చూపిస్తుంది. మా ఆవిడ పట్టీ వెడల్పుగా రావడానికి కారణం ఇదే. కాబట్టి ఆడవాళ్లు రెండు వారాలతో ఆగకుండా కనీసం రెండు నెలసరులు గడిచాక పట్టీ కట్టుకోవాలి. ఒక హెచ్చరిక: మెట్టు కనిపించేది అండం విడుదలైపోయాక. ముందుగా చెప్పదు. గర్భం రాకుండా ఉండటానికి దీన్ని నమ్ముకోకండి.

రాత్రి డ్యూటీలు. కాజీపేటలో రైల్వేవాళ్లు, సింగరేణిలో షిఫ్టుల మీద పనిచేసేవాళ్లు పగలు పడుకుంటారు. పగటి నిద్రలో ఒంటి లయ వేరు, గది వేడి వేరు. రాత్రి నిద్రల పట్టీ ఒకటి, పగటి నిద్రల పట్టీ ఒకటి రాసుకోండి. షిఫ్టు మారిన మొదటి మూడు రోజులను రెండింటిలోనూ కలపవద్దు.

8. జ్వరం అనుమానం వచ్చిన రోజు

ఇది శ్రద్ధగా చదవండి. పోయిన వానాకాలం మా నాయనకు సాయంత్రం చలి మొదలైంది. గొంగడి కప్పుకుని వణుకుతున్నాడు. తెల్లవారి యాప్ చూస్తే -0.6. “పెయ్యి చల్లగనే ఉన్నది బిడ్డా” అని ఆయన కూడా అన్నాడు, మేమూ ఊరుకున్నాం. మధ్యాహ్నం థర్మామీటర్ పెడితే 102.

జరిగింది ఇది. జ్వరం ఎక్కేటప్పుడు శరీరం వేడిని లోపల దాచుకోవడానికి చర్మపు రక్తనాళాలను బిగిస్తుంది. చేతులు చల్లబడతాయి, వణుకు వస్తుంది, లోపల మాత్రం వేడి పెరుగుతూ ఉంటుంది. వాచీ ఆ చల్లటి చేతినే కొలిచింది. ఆ రోజు ఆయన వణుకును చూసి థర్మామీటర్ తీయాల్సింది, నేను యాప్ తీశాను.

కాబట్టి:

- వణుకు, ఒళ్లునొప్పులు, తలనొప్పి ఉంటే వాచీ ఏమన్నా సరే థర్మామీటర్ పెట్టండి. నోట్లో 100.4 ఫారెన్‌హీట్ లేదా అంతకు మించితే జ్వరమే. చంకలో పెడితే కొద్దిగా తక్కువ చూపిస్తుంది.
- పారాసిటమాల్ వేసుకుంటే చెమట పట్టి చర్మం చల్లబడుతుంది. మాత్ర వేసుకున్న రాత్రి అంకెను చూసి తగ్గిపోయిందనుకోవద్దు.
- ముసలివాళ్లలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఒళ్లు అంతగా కాలకపోవచ్చు. తిండి మానేసినా, మాట తడబడినా, మగతగా ఉన్నా డాక్టరుకు చూపించండి.

డెంగీ కాలంలో ఇంకో మాట. డెంగీలో ప్రమాదపు రోజులు తరచుగా జ్వరం దిగాకే మొదలవుతాయి, సాధారణంగా జబ్బు మొదలైన 3 నుంచి 7 రోజుల మధ్య. గ్రాఫ్ మామూలుకు వచ్చిందని ఆ రోజుల్లో ధీమా పడకండి. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

9. ఎండలో పనిచేసేవాళ్లకు

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసేవాళ్లు, ఓపెన్‌కాస్ట్ గనుల్లో పనిచేసేవాళ్లు, పొలంలో ఉండేవాళ్లు వడదెబ్బను వాచీ ముందే చెబుతుందా అని అడుగుతారు. ఈ కొలతతో చెప్పదు. ఎండ తగిలిన వాచీ తానే వేడెక్కుతుంది, చెమట ఆరే చర్మం చల్లబడుతుంది. ఆ రెండూ కలిసిన అంకెకు అర్థం ఉండదు. ఆపిల్ లాంటి కొన్ని వాచీలు చుట్టూ ఉన్న వేడి 35 డిగ్రీల దాకా ఉన్నచోట వాడటానికే తయారైనవి, మన మే నెల మధ్యాహ్నం దానికి చాలా పైన.

వడదెబ్బలో లోపలి వేడి 40 డిగ్రీలు, అంటే 104 ఫారెన్‌హీట్ దాటుతుంది, మనిషి తికమకగా మాట్లాడతాడు లేదా పడిపోతాడు. చెమట ఉన్నా లేకపోయినా అది వడదెబ్బే కావచ్చు. నీడకు చేర్చండి, 108కి ఫోన్ చెయ్యండి, ఒంటి మీద నీళ్లు చల్లి విసరండి, మెడ, చంకలు, గజ్జల దగ్గర చల్లటి తడిబట్టలు పెట్టండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయవద్దు.

10. ఎక్కువగా చేసే తప్పులు, సరిచేసే తీరు

అంకె అసలే రావట్లేదు: నిద్ర గంటలు చాలలేదు, లేదా వాచీ వదులుగా ఉన్నది, లేదా చార్జింగ్ మధ్యరాత్రి అయిపోయింది. ఈ వరుసలోనే చూడండి.

రోజూ ఒక డిగ్రీ అటూ ఇటూ ఊగుతున్నది: వాచీ పట్టీని ఒక రంధ్రం బిగించి, కూలర్ దిక్కు మార్చి, వారం చూడండి.

పాత వాచీ పోయి కొత్తది కొన్నారు: కంపెనీ అదే అయినా కొత్త వాచీకి పద్నాలుగు రాత్రులు మళ్లీ ఇవ్వండి. పాత హద్దుల పట్టీ దీనికి వర్తిస్తుందని అనుకోవద్దు.

ఉంగరం వాడేవాళ్లు: ఎండాకాలం వేళ్లు ఉబ్బుతాయి, చలికాలం సన్నబడతాయి. ఉంగరం తిరిగిపోతే సెన్సర్ అరచేతి వైపు నుంచి పక్కకు పోతుంది. కొనేముందు నమూనా ఉంగరాన్ని ఒక పగలూ ఒక రాత్రీ పెట్టుకుని చూడండి.

రాత్రి మధ్యలో లేచి అంకె చూసుకోవడం: ఇది మానండి. నిద్ర చెడుతుంది, చెడిన నిద్ర అంకెను మారుస్తుంది.

11. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు

ఫోన్ చేతిలో పెట్టి “చూడండి సార్” అంటే రద్దీ ఓపీలో ఎవరికీ తీరిక ఉండదు. ఒక కాగితం మీద మూడు వరుసలు రాసుకుని వెళ్లండి: థర్మామీటర్‌తో ఏ గంటకు ఎంత వచ్చిందో, ఏ మాత్ర ఎప్పుడు వేశారో, వాచీ అంకె మీ పట్టీని ఏ రోజు నుంచి దాటిందో. మొదటి రెండూ ముందు చెప్పండి, వాచీ సంగతి చివర. పోయిన వానాకాలం మా నాయన విషయంలో డాక్టరు ఎక్కువసేపు చూసింది థర్మామీటర్ అంకెల వరుసనే. వాచీ వరుస దగ్గర ఒకే ఒక్కటి అడిగాడు, చలి ఏ సాయంత్రం మొదలైందని. ఆ తేదీ పుస్తకంలో ఉన్నది.